పెదనాన్నగారి బీటిల్: మడ్‌గార్డులు, గాలిగొట్టాలు, ఒక తలనొప్పి

(శనివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పోయిన నెల కార్యక్రమంలో మాటల సందర్భంలో నేను ఇంట్లో ఒక పాత కారు బాగుచేసుకుంటున్నానని చెప్పాను. అంతే, ఆ తర్వాత నలుగురైదుగురు పట్టుకుని "ఏమండీ, ఆ కారు సంగతేమిటో చెప్పండి" అని అడిగారు. అందులో ఇద్దరి గరాజ్‌ల్లో అలాంటి కార్లే దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాయట. అందుకని ఈ వారం ఆ కథే చెబుతాను. నేను మెకానిక్‌ని కాను, కంప్యూటర్ల ముందు కూర్చుని పొట్టపోసుకునేవాణ్ణి. కనక నేను చేసిన తప్పులు కూడా చెబుతాను. అవే మీకు ఎక్కువ పనికొస్తాయి.

కారు 1968 మోడల్ ఫోక్స్‌వాగన్ బీటిల్. మా పెదనాన్నగారు చదువుకోడానికి ఒహాయో వచ్చి, 1973లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. 1965లో కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చాక ఇక్కడికి వచ్చిన మన తొలితరం వాళ్ళ ఆల్బమ్‌లు తిరగేసి చూడండి. చాలా ఫొటోల్లో మంచు మధ్య, పట్టుచీర మీద కోటు వేసుకున్న పెద్దమ్మలు, పిన్నులు కారుకి ఆనుకుని నిలబడి ఉంటారు. ఆ కారు చాలాసార్లు బీటిలే. చవక, చిన్నది, రేడియేటర్ లేదు కనక చలికి నీళ్ళు గడ్డకడతాయన్న బెంగ లేదు. 1968లో ఒక్క అమెరికాలోనే నాలుగు లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. 1972 ఫిబ్రవరిలో ఫోర్డ్ మోడల్ టీ రికార్డుని దాటేసింది. ఆఖరి బీటిల్ 2003 జులైలో మెక్సికోలోని ప్వేబ్లాలో తయారైంది. అప్పటికి మొత్తం రెండు కోట్ల పదిహేను లక్షల పైచిలుకు.

పెదనాన్నగారు పోయాక కారు మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మ ఒకటే మాట అంది. "ఒరేయ్ నాన్నా, దాన్ని అమ్మకు. ఒక్కసారి అందులో కూర్చుని గుడికెళ్ళి రావాలని ఉంది." పెద్దమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. అదీ నాకున్న గడువు.

ముందు కారు రూపం సంగతి చెప్పాలి. బీటిల్‌లో అన్నీ తలకిందులు. ఇంజను వెనక, డిక్కీ ముందు. పెట్రోలు ట్యాంకు కూడా ముందే, డిక్కీలో. ఇక్కడ ఫెండర్ అంటారుగానీ మనూళ్ళో దాన్ని మడ్‌గార్డే అంటాం, నేనూ అలాగే అంటాను. ఈ కారుకి నాలుగు మడ్‌గార్డులూ బాడీతో కలిపి వెల్డింగ్ చేసినవి కావు, బోల్టులతో బిగించినవి. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు, పదమూడో నంబరు స్పానర్. ముందు మడ్‌గార్డుకి ఒక్కోదానికి పదింటి దాకా ఉంటాయి. బోల్టు వెళ్ళి కూర్చునే నట్టు బాడీ రేకు లోపల అతికి ఉంటుంది. అంటే నట్టుని వెనకనించి పట్టుకోడానికి వీలుండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే గొడవ.

విప్పేటప్పుడు మొట్టమొదట బ్యాటరీ. అది వెనక సీటు కింద ఉంటుంది. నెగెటివ్ వైరు ముందు తీసెయ్యాలి. తర్వాత ముందు బంపరు. దాని బ్రాకెట్లు మడ్‌గార్డులో ఉన్న కంతల్లోంచి బయటికి వస్తాయి, చుట్టూ రబ్బర్లుంటాయి. ఆ పైన హెడ్‌లైటు వైర్లు, ఇండికేటరు వైర్లు, ఎడమ పక్క హారన్. ప్రతి వైరుకీ కాగితం ముక్క కట్టి పేరు రాసుకోండి. "గుర్తుంటుందిలే" అనుకోకండి, ఉండదు. మా అమ్మాయి, పదిహేనేళ్ళది, ప్రతి బోల్టునీ జిప్‌లాక్ సంచుల్లో వేసి "ఎడమ, పైనుంచి మూడోది" అని రాసింది. ఆ అమ్మాయి తన గది ఎప్పుడూ సర్దదు, అది వేరే సంగతి.

మడ్‌గార్డు వెనక చివర ఫుట్‌బోర్డుని కలుస్తుంది. అక్కడ ఒక బోల్టు, రెండు రేకుల మధ్య ఒక మందపాటి రబ్బరు వాషరు. ఈ వాషరు లేకపోతే రేకూ రేకూ రాసుకుని రంగు పోతుంది, కిరకిరమని చప్పుడు. చిన్న రబ్బరు ముక్క, కానీ మర్చిపోకూడదు.

ఒహాయో రోడ్ల మీద చలికాలంలో ఉప్పు చల్లుతారు కదా. యాభై ఏళ్ళ ఉప్పు ఆ బోల్టుల్లో ఉంది. తుప్పు వదిలించే నూనె మూడు నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం పట్టించాను. అయినా రెండు బోల్టుల తలలు ఊడొచ్చాయి. చాలామంది ఇలాంటప్పుడు టార్చితో వేడిచేస్తారు. దయచేసి ముందు మడ్‌గార్డు దగ్గర ఆ పని చెయ్యకండి. పెట్రోలు ట్యాంకు అక్కడే ఉంది. 1968 మోడల్‌లో పెట్రోలు పోసే మూత కూడా కుడి ముందు మడ్‌గార్డుకి పైనే ఉంటుంది. నిప్పూ వద్దు, నిప్పురవ్వలు ఎగిరే గ్రైండరూ వద్దు. నేను ట్యాంకు మొత్తం తీయించి బయట పెట్టించి, విరిగిన బోల్టు మధ్యలో సుత్తితో చుక్కపెట్టి, చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టి 6.8 మిల్లీమీటర్ల దాకా పెంచుకుంటూ వెళ్ళి, ఎం8 ట్యాపుతో మళ్ళీ మరలు తీశాను. మిగిలిన నట్లన్నిటికీ కూడా ఆ ట్యాపు ఒకసారి తిప్పి శుభ్రంచేశాను. ఈ పని విసుగ్గా ఉంటుంది. కానీ ఇది మానేస్తే బిగించేటప్పుడు బోల్టు వంకరగా ఎక్కి, లోపలున్న నట్టు ఊడి గిర్రున తిరుగుతుంది. అప్పుడు అటూ రాదు, ఇటూ రాదు.

ఇక గాలిగొట్టాల సంగతి. ఈ కారులో గాలి రెండు దారుల్లో వస్తుంది. చల్లగాలి దారి ఒకటి, వేడిగాలి దారి ఒకటి. రెండూ వేరని నాకు మొదట తెలీదు.

చల్లగాలి దారి 1968 మోడల్‌తోనే వచ్చింది. ముందు అద్దం కింద, డిక్కీ మూతకి పైన, సన్నటి చీలికలు ఉంటాయి. గాలి వాటిలోంచి దూరి, లోపల ఒక పెట్టెలో పడుతుంది. ఆ పెట్టెలో రెండు తలుపులు. డాష్‌బోర్డు మీద ఉన్న రెండు గుబ్బలు తిప్పితే తీగలు లాగి ఆ తలుపులు తెరుస్తాయి. అక్కణ్ణించి గొట్టాల ద్వారా గాలి లోపలికి వస్తుంది. మరి చీలికల్లోంచి గాలి వస్తే వాన కూడా వస్తుంది కదా? అందుకే పెట్టె అడుగున ఒక రబ్బరు గొట్టం పెట్టారు. నీళ్ళన్నీ దాంట్లోంచి కారు కిందికి పోతాయి. ఇంటి మేడమీద నీళ్ళు పోవడానికి పెట్టే తూము లాంటిదే.

మా పెట్టె విప్పి చూస్తే లోపల సగం ఎరువు. ఏళ్ళ తరబడి మేపుల్ ఆకులు పడి కుళ్ళి మట్టయిపోయాయి. తూము పూర్తిగా మూసుకుపోయింది. తలుపుల అంచులకి అతికించిన స్పాంజి చేత్తో ముట్టుకుంటే పొడి. అంతా కడిగి, ఆరబెట్టి, నీళ్ళు పీల్చని రకం స్పాంజి కోసి కొత్తగా అతికించాం. తిరిగి బిగించేటప్పుడు గుబ్బని మూసి ఉన్న స్థానంలో పెట్టి, తలుపుని చేత్తో పూర్తిగా మూసి, అప్పుడు తీగని బిగించాలి. ఉల్టాగా చేస్తే గుబ్బ మూసినా తలుపు ఒక వేలెడు తెరిచే ఉంటుంది. జనవరిలో ఆ వేలెడు సందు విలువ తెలుస్తుంది.

ఇక్కడే నా మొదటి తప్పు. పెట్టె బిగించాను, గొట్టాలు బిగించాను, పైన చూసుకుని మురిసిపోయాను. అడుగున తూము గొట్టం తగిలించడం మర్చిపోయాను. మొదటి వానకి నీళ్ళన్నీ డాష్‌బోర్డు కిందనించి కారి, ముందు సీట్లో కాళ్ళు పెట్టుకునే చోట మడుగు కట్టాయి. ఫ్యూజులు కూడా అక్కడే ఉంటాయి. నయం, బ్యాటరీ తీసి ఉంది. అప్పటినించి నా పరీక్ష ఏమిటంటే, ట్యాంకు, మడ్‌గార్డులు ఇంకా పెట్టకముందే అద్దం కింద చీలికల్లో ఒక చెంబుడు నీళ్ళు పోయాలి. మనిషి కారు కిందికి వంగి చూడాలి. చెంబుడు నీళ్ళూ కింద కనిపించాలి, లోపల కార్పెట్ పొడిగా ఉండాలి. చెంబు లేకపోతే కాఫీ కప్పయినా సరే.

రెండోది వేడిగాలి దారి. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. ఈ ఇంజనుకి నీళ్ళు లేవు, గాలితోనే చల్లారుతుంది. ఇంజను మీద ఫ్యాను ఉంది. ఆ ఫ్యాను తోసిన గాలిలో కొంత రెండు గొట్టాల్లోంచి కిందికి దిగి, పొగగొట్టం చుట్టూ ఉన్న రెండు రేకు డబ్బాల్లోకి వెళుతుంది. వాటిని హీట్ ఎక్స్ఛేంజర్లు అంటారు. డబ్బా లోపల పొగగొట్టం, దానిచుట్టూ అల్యూమినియం రెక్కలు. పొగ లోపలి గొట్టంలో పోతుంది, మనం పీల్చే గాలి దాని బయటినించి రాసుకుంటూ వేడెక్కి వస్తుంది. రెండిటికీ మధ్య ఒక్క ఇనప రేకు మాత్రమే అడ్డం.

అక్కణ్ణించి ఆ వేడిగాలి ఎలా ముందుకి వస్తుందో తెలుసా? తలుపుల కింద, ఫుట్‌బోర్డు పక్కన పొడుగ్గా ఉండే దూలాల్లోంచి. అవి డొల్లగా ఉంటాయి. కారుకి బలం ఇచ్చేవీ అవే, గాలిగొట్టమూ అవే. ఫుట్‌బోర్డు బోల్టులు కూడా ఆ దూలంలోకే దిగుతాయి. కాళ్ళ దగ్గర రంధ్రాల్లోంచి కొంత గాలి వస్తుంది, మిగతాది ముందు చివరినించి పైకెక్కి అద్దానికి తగులుతుంది. అందుకే ముందు మడ్‌గార్డు విప్పినప్పుడే తలుపు స్తంభం అడుగున, దూలం ముందు చివర, చేత్తో తడిమి చూడాలి. చక్రం చిమ్మిన బురద అంతా అక్కడ పేరుకుని తడిగా ఉండి రేకుని తినేస్తుంది. మళ్ళీ మడ్‌గార్డు బిగించాక ఆ మూల కంటికి కనపడదు.

మా దూలంలో తుప్పు తక్కువే. కానీ వ్యాక్యూమ్ క్లీనర్ పెడితే ఎలుకలు పెట్టుకున్న గూడు వచ్చింది. దూది, కాగితం ముక్కలు, వాల్‌నట్ పెంకులు. అమ్మాయి "నాన్నా, ఇన్నాళ్ళూ ఇందులో అద్దెకున్నవాళ్ళున్నారు" అంది. దూలం రెండు చివర్లా టార్చిలైటు వేసి చూసి, ఒక చివర గాలి ఊది రెండో చివర చెయ్యిపెట్టి చూసి, దారి బాగుందని తేల్చుకున్నాక లోపల తుప్పు పట్టకుండా మైనం లాంటి మందు కొట్టాం.

ఇప్పుడు మడ్‌గార్డులు బిగించడం. నా రెండో తప్పు ఇక్కడ. కుడివైపుది తుప్పుతో చిల్లులు పడిందని కొత్తది తెప్పించాను. రంగు వేయించి, మెరిపించి, అప్పుడు పెట్టి చూశాను. కంతలు రెండు చోట్ల కలవలేదు. కొత్తగా తయారుచేసి అమ్మేవి అన్నీ అచ్చుగుద్దినట్టు సరిపోవు. రంగేసిన రేకుని ఆకురాయితో రుద్దాల్సి వచ్చింది. కనక ముందు రంగు లేకుండా పెట్టి చూడండి, కంతలు సరిచేసుకోండి, డిక్కీ మూతతో సందు సమంగా ఉందో చూసుకోండి. ఆ తర్వాతే రంగు. పాత మడ్‌గార్డు బాగుచేసుకునే వీలుంటే కొత్తదానికన్నా అదే మేలు.

బిగించే వరస చెబుతాను. ఇద్దరు కావాలి. ఒకరు మడ్‌గార్డుని ఎత్తి పట్టుకుంటే, రెండోవారు పైభాగం మధ్యలో ఉన్న బోల్టు ముందు ఎక్కించాలి. మరలకి కొంచెం గ్రీజు రాయండి, మళ్ళీ తరంవాళ్ళు విప్పుకోవాలి కదా. అన్ని బోల్టులూ వేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు తిప్పి వదిలెయ్యాలి. స్పానర్ అప్పుడే ముట్టుకోకూడదు. ఇప్పుడు మడ్‌గార్డుకీ బాడీకీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆ సందులోకి బీడింగ్ జొనపాలి. అంటే పట్టుచీర అంచులాగా కనపడే సన్నటి పైపింగు. దానికి బోల్టులు ఉన్నచోట గాట్లు ఉంటాయి, గాటు బోల్టు మీద కూర్చోవాలి. చలికి బీడింగ్ బిరుసెక్కి మాట వినదు. వేణ్ణీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. బీడింగ్ ఎందుకంటారా? అందానికే కాదు. రేకూ రేకూ రాసుకోకుండా, సందులో బురద చేరకుండా.

తర్వాత ఫుట్‌బోర్డు దగ్గర రబ్బరు వాషరు, బోల్టు. డిక్కీ మూత నెమ్మదిగా దింపి, తలుపు తీసి వేసి, ఎక్కడా తగలడం లేదని చూసుకుని, మధ్యనించి రెండు చివరలకీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వెళ్ళాలి. బలం చూపించకండి. అతికిన నట్టు ఊడితే మళ్ళీ మొదటికి. ఆఖర్న వైర్లు, రబ్బరు బిరడాలు, హారన్, బంపరు. బ్యాటరీ అన్నిటికన్నా చివర.

కారు తయారైంది. నవంబరులో ఒక ఆదివారం పెద్దమ్మ వచ్చింది. నేత చీర కట్టుకుని, శాలువా కప్పుకుని, ముందు సీట్లో కూర్చుంది. ఆ గుబ్బని ముట్టుకుని "మీ పెదనాన్న దీన్ని ఎప్పుడూ నన్ను తిప్పనిచ్చేవారు కాదురా" అంది. వెనక మా అమ్మాయి. చలిగా ఉందని హ్యాండ్‌బ్రేకు పక్కనున్న మీట ఎత్తి వేడిగాలి వదిలాను. వెచ్చగా వచ్చింది. నాకు గర్వంగా కూడా ఉంది.

ఇరవై నిమిషాలయ్యాక పెద్దమ్మ "తల కొంచెం దిమ్ముగా ఉంది, వయసు కదా" అంది. నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు వెనకనించి అమ్మాయి "నాన్నా, నాక్కూడా తలనొప్పిగా ఉంది" అంది. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడకీ, పదిహేనేళ్ళ పిల్లకీ ఒకే కారులో, ఒకేసారి తలనొప్పి వస్తే అది వయసు కాదు. కారు పక్కకి తీసి, తలుపులు బార్లా తెరిచి, అందర్నీ బయటికి దింపి, 911కి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి ఆక్సిజన్ పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్. త్వరగా బయటపడ్డాం కనక సాయంత్రానికి ఇంటికి పంపారు.

ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు. నిద్ర వస్తోందనుకుని పడుకుంటే లేవరు.

తప్పు ఎక్కడ జరిగింది? ఎడమవైపు హీట్ ఎక్స్ఛేంజర్ ఒకటి పాతది దొరికితే, పైన తుప్పు గీకి నల్లరంగు వేసి బిగించాను. పైకి కొత్తదానిలా ఉంది. లోపలి పొగగొట్టానికి గుండుసూది బెజ్జాలు ఉన్నాయి. నేను చెప్పిన ఆ ఒక్క రేకు అడ్డం. మడ్‌గార్డు చిల్లు పడితే కారు అందం పోతుంది. ఆ రేకు చిల్లు పడితే మనిషి పోతాడు. నేను నాలుగు నెలలు మడ్‌గార్డు మీద పెట్టిన శ్రద్ధలో నాలుగు గంటలు దానిమీద పెట్టలేదు.

ఇంకో దారిలో కూడా పొగ లోపలికి వస్తుంది. ఇంజను చుట్టూ రేకులు, రబ్బరు పట్టీ ఉంటాయి. అవి ఇంజను గదిని కింది భాగంనించి వేరుచేస్తాయి. ఆ పట్టీ చిరిగితే, కింద పొగగొట్టం అతుకుల దగ్గర కారిన పొగని ఫ్యాను పైకి పీల్చి నేరుగా వేడిగాలి దారిలోకి తోస్తుంది. కాబట్టి ఎక్స్ఛేంజరూ, అతుకుల దగ్గర గాస్కెట్లూ, ఆ రబ్బరు పట్టీ, మూడూ చూసుకోవాలి.

ఇప్పుడు కొత్త ఎక్స్ఛేంజర్లు వేయించాను, ఈసారి పని తెలిసినవాళ్ళ చేత. కారులో బ్యాటరీతో పనిచేసే మోనాక్సైడ్ మీటరు పెట్టాను. ఇందులో ఒక మెలిక ఉంది. ఇళ్ళలో పెట్టుకునే మామూలు అలారం 70 పీపీఎం దగ్గర మోగడానికి గంటనించి నాలుగు గంటలదాకా తీసుకోవచ్చు, వాటి ప్రమాణమే అంత. కారుకి అది చాలదు. తక్కువ మోతాదు కూడా అంకెల్లో చూపించే చిన్న మీటరు కొనండి. ఇంజను వేడెక్కాక, మీట ఎత్తి, వేడిగాలి వచ్చే రంధ్రం దగ్గర పెట్టి చూడండి. సున్నా ఉండాలి. ఈ పరీక్ష ఆరుబయటే చెయ్యాలి. ఇంటికి అతుక్కుని ఉన్న గరాజ్‌లో, తలుపు తెరిచి ఉన్నాసరే, ఇంజను నడపకండి. పిల్లల పడకగదులు చాలా ఇళ్ళలో గరాజ్ పైనే ఉంటాయి.

ఇంతా అయ్యాక పెద్దమ్మ మళ్ళీ ఎక్కుతుందా అని భయపడ్డాను. ఏప్రిల్‌లో ఫోన్ చేసి ఆవిడే అడిగింది, "కారు బాగైందా?" అని. ఉగాదికి వెళ్ళలేకపోయాం, శ్రీరామనవమికి వెళ్ళాం. మీటరు మా అమ్మాయి చేతిలో ఉంది. గుడి దాకా ప్రతి అయిదు నిమిషాలకీ "సున్నా, నానమ్మా" అని చెబుతూనే ఉంది. పెద్దమ్మ చల్లగాలి గుబ్బని తనే తిప్పుకుంది. తిరిగొచ్చేటప్పుడు చిన్న జల్లు పడింది. చీర కుచ్చెళ్ళు తడవలేదు.

మీ గరాజ్‌లో దుప్పటి కింద అలాంటి కారు ఉంటే తప్పకుండా బాగుచేసుకోండి. పిల్లల్ని కూడా పనిలో పెట్టండి, వాళ్ళ సంచులూ చీటీలూ మన జ్ఞాపకం కన్నా నయం. కాకపోతే రంగు డబ్బా తెరిచేముందు పొగగొట్టం చూడండి.